గ్వాన్‌ఫు మ్యూజియం చూడాలంటే: ముందు కుర్చీలు, తర్వాతే పింగాణీ

బీజింగ్ వెళ్లినవాళ్లు ప్యాలెస్ మ్యూజియంలో (పాత రాజప్రాసాదం, ఫర్బిడెన్ సిటీ) రోజంతా తిరిగి, కాళ్లు పడిపోయి, ఇక పాత వస్తువుల జోలికి వెళ్లొద్దనుకుంటారు. నన్నడిగితే ఇంకో పూట ఖాళీ పెట్టుకుని చావోయాంగ్ జిల్లాలోని గ్వాన్‌ఫుకి వెళ్లండి. మా వెయ్‌దు (‘మా’ ఆయన ఇంటిపేరు) అనే ఆయన పత్రికలో ఎడిటర్‌గా చేస్తూ, జనం పాత సామాను చవగ్గా వదిలించుకుంటున్న 1980లలో ఒక్కొక్కటీ కొనడం మొదలుపెట్టి, చివరికి 1997 జనవరిలో ఆ సేకరణను మ్యూజియంగా తెరిచాడు. 1949లో కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చాక చైనాలో వచ్చిన తొలి ప్రైవేటు మ్యూజియంగా దీన్నే చెబుతారు.

వెళ్లేముందు వీచాట్‌లో (చైనాలో అందరూ వాడే మెసేజింగ్ యాప్) మ్యూజియం సొంత ఖాతా చూసి, ఆ రోజు తెరిచి ఉందో లేదో, టికెట్ ముందే తీసుకోవాలో తెలుసుకోండి. ప్రైవేటు మ్యూజియం కదా, డబ్బులు కట్టాల్సిందే, ప్రభుత్వ మ్యూజియంలు చాలావాటిలా ఉచితం కాదు. పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోండి, డబ్బు కట్టే యాప్ అలీపేలో మీ కార్డు ముందే కలిపేసుకోండి. ఇది నగరం నడిబొడ్డున లేదు, ట్యాక్సీయే సుఖం. అడ్రస్ చైనా లిపిలో ఫోన్‌లో దాచుకుని డ్రైవర్‌కి చూపించండి, మనం నోటితో చెప్పే ఉచ్చారణ వాళ్లకి అర్థమవుతుందన్న ఆశ పెట్టుకోవద్దు.

లోపలికి వెళ్లగానే అందరూ పింగాణీ వైపు పోతారు. మీరు ముందు ఫర్నిచర్ చూడండి, ఎందుకంటే ఈ మ్యూజియం అసలు రుచి అక్కడే ఉంది. కర్రను బట్టి గదులు పెట్టారు. హువాంగ్‌హువాలీ అంటే పసుపు ఛాయలో మెరిసే కర్ర, దాని చారల్లో కళ్లూ ముఖాల్లాంటి ముడులు కనిపిస్తాయి, చైనావాళ్లు వాటిని దెయ్యం ముఖాలంటారు. నల్లగా, ఇనుములా బరువుగా కనిపించేది జితాన్, అదేదో కాదు, మనకు బాగా తెలిసిన ఎర్రచందనమే. వంగి, కాలూ పలకా కలిసే చోట చూడండి. మేకు ఉండదు, ఒక చెక్కలో తొలిచిన గాడిలో ఇంకో చెక్క నాలుక దిగి కూర్చుంటుంది. మింగ్ రాజవంశ కాలం కుర్చీ సాదాగా ఉంటుంది, వీపు ఆనే పలక మాత్రం వెన్నెముక వంపుకి తగ్గట్టు వంచి ఉంటుంది. దాని తర్వాతి చింగ్ రాజవంశ కాలానికొచ్చేసరికి చెక్కడం ఎక్కువై, కూర్చోవడానికి కాదు, చూపించుకోవడానికి చేసినట్టుంటుంది (ఇది నా అభిప్రాయమే, తిట్టుకోకండి).

ఇక పింగాణీ. గిన్నె అడుగున ఆరు అక్షరాల ముద్ర కనిపిస్తే పైనుంచి కిందికి, కుడి నుంచి ఎడమకు చదవాలి: వంశం పేరు, చక్రవర్తి పాలన పేరు, చివర్లో ఆ కాలంలో చేసిందని. కానీ ముద్ర చూసి కాలం తేల్చేయకండి. 1662–1722 నాటి చింగ్ చక్రవర్తి కాంగ్షీ కాలంలో కూడా కుమ్మరులు, తమకు రెండు శతాబ్దాల ముందటి మింగ్ చక్రవర్తి చెంగ్‌హువా పేరు రాసేవారు, అప్పట్లో అది దొంగతనం కాదు, గౌరవం. తెలుపు మీద నీలం బొమ్మల్లో మింగ్ తొలినాళ్లది కనిపిస్తే నీలం రంగును దగ్గరగా చూడండి, బయటి దేశాలనుంచి తెప్పించిన కోబాల్ట్ (ఆ నీలం రంగునిచ్చే ఖనిజం) అక్కడక్కడ నల్లగా గడ్డకట్టినట్టు ఉంటుంది. తర్వాతివాళ్లు ఆ మచ్చల్ని కావాలని కుంచెతో చుక్కలు పెట్టి అనుకరించారు, పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది.

పిల్లుల గురించి చెప్పలేదు కదా. ఇక్కడ పిల్లులు పెరుగుతాయి, వాటికి పేర్లు, అభిమానులు, వాటి బొమ్మలతో అమ్మే వస్తువులు కూడా ఉన్నాయి. పిల్లల్ని తీసుకెళ్తే ఇక్కడే గంట పోతుంది, ఆ టైమ్ ముందే లెక్కేసుకోండి.

బయటికొచ్చాక ఆ ఊపులో బీజింగ్‌లోనే పాత సామాను అమ్మే పాన్‌జియాయువాన్ సంతకి పోయి పాత గిన్నె కొనేయాలనిపిస్తుంది. అక్కడ దొరికేవి ఎక్కువగా కొత్తవే, సరదాకి కొనండి. ఒకవేళ నిజంగా పాతదే తగిలినా, 1911కి ముందటి పురావస్తువుల్ని దేశం దాటించడానికి చైనా ఒప్పుకోదు, విమానాశ్రయంలో ఇరుక్కుంటారు.