పాత సైనిక జీపులోని ఇత్తడి అగ్నిమాపకాన్ని ఎలా చూసుకోవాలి?

రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ ఎంబీ, ఫోర్డ్ జీపీడబ్ల్యూ జీపులను తిరిగి నిలబెట్టేవాళ్లు ఇంజిను, చక్రాలు, రంగు పని ముగించాక చిన్న సామాన్ల వేటలో పడతారు. డ్రైవరు ఎడమ కాలి దగ్గర, లోపలి రేకుకు బ్రాకెట్టుతో బిగించే ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ వాటిలో ఒకటి. ఇత్తడి గొట్టం, ఒక చివర పంపు పిడి, మరో చివర సన్నని రంధ్రం. చూడముచ్చటైన వస్తువే. అయినా అది ఖాళీగా ఉందని తేలేవరకు విషం నిండిన పాత్ర అనుకునే ముట్టుకోవాలి. ఆ తర్వాత కూడా అది ప్రదర్శనకే గానీ మంటలార్పడానికి కాదు. కింద చెప్పిన వరుస ఆ జాగ్రత్త కోసమే.

1. ఏ రకమో గుర్తించండి

పంపు పిడి ఉన్న ఇత్తడి గొట్టమైతే అందులో పోసేది దాదాపు ఎప్పుడూ కార్బన్ టెట్రాక్లోరైడ్. అమెరికాకు చెందిన పైరీన్ కంపెనీ 1911లో ఈ తరహా చేతి పంపుకు పేటెంటు పొందింది. తర్వాత ఇతర కంపెనీలూ ఇలాంటివే చేశాయి. పిడిని తిప్పి తాళం విడిపించి, ముందుకూ వెనక్కూ ఆడిస్తే తోసినప్పుడూ లాగినప్పుడూ ద్రవం చిమ్ముతుంది. జీపుల్లో వాడినవాటిలో సాధారణంగా ఒక అమెరికన్ క్వార్టు, అంటే లీటరుకు కాస్త తక్కువ ద్రవం పడుతుంది.

బరువైన ఉక్కు సీసా, దానికి కొమ్ములాంటి గొట్టం ఉంటే అది కార్బన్ డయాక్సైడ్ రకం. షెర్మన్ వంటి ట్యాంకుల్లో ఇవి ఉండేవి. ఇందులో విషద్రవం బెడద లేదు. కానీ నిండు సీసాలో 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరే సుమారు 57 బార్ల ఒత్తిడి, అంటే మామూలు గాలి ఒత్తిడికి 50 రెట్లకు పైగా ఉంటుంది. దాని వాల్వును మీరే విప్పకండి, సిలిండర్లను పరీక్షించే నిపుణులకు అప్పగించండి.

పేరుపలకలో మిథైల్ బ్రోమైడ్ అని కనబడితే మరింత జాగ్రత్త అవసరం. బ్రిటిష్, జర్మన్ వాహనాల్లోనూ విమానాల్లోనూ దీన్ని వాడారు. ఇది 4 డిగ్రీలలోపే మరిగిపోతుంది కాబట్టి గది వేడిమిలో సీసాలో ఒత్తిడితోనే ఉంటుంది. చిన్న మోతాదులో వాసన కూడా తెలియదు. అలాంటిదాన్ని కదిలించకుండా అక్కడే ఉంచి నిపుణులను పిలవండి.

2. లోపల ద్రవం ఉందేమో చూడండి

పంపు పిడి ఉన్న ఇత్తడి గొట్టమైతే రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా ఓ పక్కకు వంచండి. ద్రవం పారుతున్నట్టు చేతికి తెలుస్తుంది. కార్బన్ టెట్రాక్లోరైడ్ నీటి కంటే ఒకటిన్నర రెట్లకు పైగా బరువు, కాబట్టి నిండు గొట్టంలోని ద్రవమే దాదాపు కిలోన్నర తూగుతుంది. కుదపకండి. పిడిని కదిలించకండి. ద్రవం పోసే మూతను విప్పకండి. అది విప్పాలన్న కోరిక చాలామందికి కలుగుతుంది, కానీ పనంతా చెడేది అక్కడే. చేతికి కదలిక తెలియనంత మాత్రాన ఖాళీ అనుకోవద్దు, అడుగున కొంచెం మిగిలి ఉండవచ్చు.

3. ప్రమాదం ఎందుకో తెలుసుకోండి

కార్బన్ టెట్రాక్లోరైడ్‌ను అప్పట్లో ఎంచుకోవడానికి గట్టి కారణాలే ఉన్నాయి. అది విద్యుత్తును ప్రసరింపజేయదు. సుమారు సున్నా కింద 23 డిగ్రీల వరకు గడ్డకట్టదు. మరక మిగల్చకుండా ఆవిరైపోతుంది. దాని ఆవిరి గాలికంటే ఐదు రెట్లు బరువు కాబట్టి మంటపై పరచుకుంటుంది. పెట్రోలు, వైర్లు పక్కపక్కనే ఉండే వాహనానికి ఇంతకంటే అనుకూలమైనది అప్పట్లో దొరకలేదు.

నష్టం మరోవైపు ఉంది. ఆ ఆవిరి పీల్చినా, ద్రవం చర్మం ద్వారా లోపలికి చేరినా కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. మద్యం తాగినవారిలో ఆ దెబ్బ మరింత తీవ్రం. మరీ ముఖ్యమైనది మరొకటి. మంటపై, వేడెక్కిన ఇనుముపై ఇది పడినప్పుడు విడిపోయి ఫాస్జీన్ అనే వాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద ప్రయోగించిన విషవాయువుల్లో అదొకటి. గాలి ఆడని ట్యాంకులోనో మూసిన షెడ్డులోనో దీన్ని వాడిన మనిషికి ఏమవుతుందో ఊహించండి. ఆ గొట్టం ఇంకా పంపు కొడుతుందని మురిసిపోవడం అందుకే తప్పు. సాధారణ వినియోగదారుల వస్తువుల్లో ఈ రసాయనాన్ని అమెరికా 1970లో నిషేధించింది. ఓజోన్ పొరకు హాని చేస్తుందని మాంట్రియల్ ఒప్పందం కింద దాని వాడకాన్ని ప్రపంచవ్యాప్తంగా తగ్గించుకుంటూ వచ్చారు.

4. కారుతుంటే, లేదా తీసుకెళ్లాల్సి వస్తే

తియ్యటి, మత్తెక్కించే వాసన వస్తే వెంటనే ఆరుబయటకు మార్చండి. గ్యారేజీలో ఉంచితే తలుపులు తెరవండి, దగ్గర్లో సిగరెట్, వెల్డింగ్, వేడి పొయ్యి ఏదీ ఉండకూడదు. మామూలు రబ్బరు చేతితొడుగులు ఈ ద్రవాన్ని ఆపలేవు, కాబట్టి తడిసిన గొట్టాన్ని వీలైనంత వరకు ముట్టుకోకండి. చేతికి తగిలితే సబ్బు నీళ్లతో వెంటనే కడిగి, తడిసిన బట్టలు తీసేయండి. వాసన పీల్చాక తలతిరగడం, వాంతులు ఉంటే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి, రసాయనం పేరు కూడా చెప్పాలి.

వాహనంలో తీసుకెళ్లేటప్పుడు మూత ఉన్న లోహపు డబ్బాలో ఎండు ఇసుక పోసి, గొట్టాన్ని నిలబెట్టి, మనుషులు కూర్చునే చోటికి దూరంగా ఉంచండి. డబ్బా మీద రసాయనం పేరు రాయండి.

5. ఖాళీ చేయించండి

ఇది మీరు చేసే పని కాదు. ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే కేంద్రాన్ని ముందే ఫోనులో సంప్రదించి, లోపల ఏముందో, ఎంత ఉండవచ్చో చెప్పండి. కాలువలోనో మట్టిలోనో పోయడం భూగర్భ జలాలను పాడుచేయడమే. ఖాళీ గొట్టం తిరిగి ఇవ్వగలరా అని ముందే అడగండి, అన్ని కేంద్రాలూ ఇవ్వవు. తిరిగి ఇచ్చినప్పుడు లోపల పూర్తిగా ఆరిందని వాళ్ల చేత రాయించుకోండి.

6. శుభ్రం చేయడం

మొదట నాలుగు వైపులా ఫోటోలు తీయండి. పేరుపలక, ముద్రించిన సూచనలు, రంగు అంచులు అన్నీ దగ్గరగా పడాలి. ఆ వస్తువు చరిత్ర వాటిలోనే ఉంది.

సైనిక వాహనాలకు వెళ్లిన వాటిలో చాలా వాటికి ఆలివ్ రంగు వేశారు. మెరుపు ఎదుటివాడి కంట పడుతుందనే భయం యుద్ధంలో సహజం. ఆ రంగు పొరను గీకి కింద ఇత్తడిని మెరిపించడం నాకు అన్యాయంగా తోస్తుంది, మళ్లీ వేసే రంగు ఎప్పటికీ ఆ నాటిది కాదు. పైగా పాత రంగులో సీసం ఉండవచ్చు, పొడిగా గీకితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. తడి మెత్తటి గుడ్డ, కొద్దిగా సబ్బు చాలు. రంగు లేని ఇత్తడిపై చిలుము పట్టి ఉంటే మెత్తటి పాలిష్ గుడ్డతో, పేరుపలకను వదిలేసి, చుట్టూ మాత్రమే రుద్దండి.

7. బిగించడం, దాంతోపాటు పనిచేసేది పెట్టుకోవడం

బ్రాకెట్టు స్ప్రింగు పట్టు గట్టిగా ఉందో లేదో చూసి బిగించండి. పిడి దగ్గర ‘ఖాళీ, పనిచేయదు’ అని చిన్న చీటీ కట్టండి. ఆపదలో మనిషి ఆలోచించడు, కంటికి కనబడినదాన్ని లాగుతాడు. అందుకే చీటీ తప్పనిసరి.

నిజమైన రక్షణకు ఏబీసీ రకం (చెక్క, గుడ్డ వంటి ఘనపదార్థాలు, పెట్రోలు వంటి ద్రవాలు, విద్యుత్తు మంటలకు పనికొచ్చే) పొడి అగ్నిమాపకాన్ని, వీలైతే 2 కిలోలది, సీటు కింద డ్రైవరు చేతికి అందేలా పెట్టండి. నెలకోసారి దాని గేజిలో ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉందో లేదో చూడండి. బానెట్టు కింద మంట పుడితే ఇంజిను ఆపి, అందరినీ దూరంగా పంపి, బానెట్టును పూర్తిగా తెరవకుండా కొద్దిగా పైకెత్తి ఆ సందులోంచే చిమ్మండి. పూర్తిగా తెరిస్తే మంటకు గాలి అందుతుంది. అదుపు తప్పుతున్నట్టు అనిపిస్తే జీపును వదిలేసి దూరం వెళ్లండి.

ఖాళీ చేయించిన కేంద్రం ఇచ్చిన కాగితాన్ని వాహనం పత్రాలతో కలిపి ఉంచండి. రేపు ఆ జీపు చేతులు మారితే, గొట్టంలో ఏమీ లేదని కొత్త యజమానికి తెలియజేసేది ఆ కాగితమే.