చదువు కోసం ట్యాబ్ కొంటున్నారా? ముందు పేజీ, పెన్ను చూడండి

కొనే ముందు చేయాల్సిన మొదటి పని సిలబస్ తీయడం. చివరి సెమిస్టర్ దాకా ఏయే సాఫ్ట్‌వేర్లు వాడాలో ఒక కాగితం మీద రాసుకోండి, సీనియర్లను అడిగితే పది నిమిషాల్లో తేలిపోతుంది. ఆ జాబితాలో సాలిడ్‌వర్క్స్, ఎస్‌పీఎస్‌ఎస్, వివాడో, డెస్క్‌టాప్ మ్యాట్‌ల్యాబ్ లాంటివి ఒక్కటున్నా ఐప్యాడ్ గానీ ఆండ్రాయిడ్ ట్యాబ్ గానీ ఆ పనికి రావు. అలాంటి వాటికి కంప్యూటర్ వేరే ఉంటేనే ట్యాబ్ కొనండి. లేకపోతే ఆ డబ్బు ల్యాప్‌టాప్ మీద పెట్టడమే మేలు. విండోస్ ట్యాబ్ తీసుకుంటే ప్రాసెసర్ ఆర్మ్ రకమా, ఇంటెల్ లేదా ఏఎండీయా అని అడగండి. మామూలు ప్రోగ్రాములు ఆర్మ్ మీద చాలావరకు నడుస్తాయి గానీ, ల్యాబ్ పరికరాలకు కావాల్సిన డ్రైవర్లు ఆర్మ్ కోసం ప్రత్యేకంగా తయారై ఉంటే తప్ప పనిచేయవు. ఆన్‌లైన్ పరీక్షలకు లాక్‌డౌన్ బ్రౌజర్ (పరీక్ష నడుస్తుండగా వేరే ఏదీ తెరవనివ్వనిది) వాడే చోట, అది మీరు అనుకున్న ట్యాబ్‌లో నడుస్తుందో లేదో పరీక్షల విభాగాన్నే అడిగి తెలుసుకోండి.

ఇక తెర. అంగుళాల లెక్క ఒక్కటే చూస్తే మోసపోతాం, ఎందుకంటే తెర పొడవు వెడల్పుల నిష్పత్తిని బట్టి పేజీ సైజు మారిపోతుంది. ఏ4 కాగితం 210 × 297 మిల్లీమీటర్లు. 4:3 నిష్పత్తి ఉన్న 11 అంగుళాల తెరను నిలువుగా పట్టుకుంటే పేజీ మొత్తం 75 శాతం సైజులో కనిపిస్తుంది. అదే 11 అంగుళాలు 16:10 అయితే అడ్డం 148 మిల్లీమీటర్లే కాబట్టి 70 శాతానికి దిగుతుంది. 13 అంగుళాల 4:3 తెరలో 89 శాతం వస్తుంది. రెండు కాలమ్‌ల జర్నల్ పేపర్లలో అక్షరం 10 పాయింట్లు అనుకుంటే, ఈ మూడింటిలో వరుసగా 7.5, 7, 8.9 పాయింట్లుగా కనిపిస్తుంది. 7 పాయింట్ల అక్షరాన్ని గంటసేపు చదవడం కళ్లకు శ్రమ. మాటిమాటికీ జూమ్ చేస్తూ అటూ ఇటూ జరుపుతుంటే చదువుతున్న వరుసే తప్పిపోతుంది. తెరను రెండు ముక్కలు చేసి ఒకవైపు పుస్తకం, మరోవైపు నోట్సు పెట్టుకునే అలవాటుంటే 11 అంగుళాల్లో ఒక్కో ముక్కకు 11 సెంటీమీటర్ల వెడల్పే దక్కుతుంది. పీడీఎఫ్‌లు ఎక్కువ చదివే కోర్సయితే పెద్దది తీసుకోండి. ఎక్కువగా క్లాసులో రాసుకోవడానికే అయితే 11 చాలు, బ్యాగులో బరువూ తగ్గుతుంది.

పెన్ను దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. రబ్బరు మొన ఉన్న చవక స్టైలస్‌ను తెర వేలు కిందే లెక్కగడుతుంది. దాంతో చెయ్యి ఆనించగానే గీతలు పడతాయి, సబ్‌స్క్రిప్టులు అలుక్కుపోతాయి. మీకు కావాల్సింది యాక్టివ్ పెన్ను, అంటే వేలు వేరు, పెన్ను వేరు అని తెర గుర్తుపట్టగలిగేది. అది కూడా ఆ మోడల్‌కు సరిపోయేదే కావాలి. ఉదాహరణకు 2022 నాటి పదో తరం ఐప్యాడ్‌కు రెండో తరం ఆపిల్ పెన్సిల్ పనిచేయదు, మొదటి తరందో యూఎస్‌బీ-సీదో కావాలి. ఈ యూఎస్‌బీ-సీ పెన్సిల్‌కు ఒత్తిడిని గుర్తించే గుణం లేదు. నోట్సుకు దానితో ఇబ్బందేమీ లేదు, బొమ్మలు గీసే కోర్సుకు మాత్రం అది పెద్ద లోటే. శాంసంగ్ ఎస్ పెన్ రాయడానికి ఛార్జింగ్ అక్కర్లేదు.

షాపులో డెమో ట్యాబ్ చేతికిస్తే ఈ మూడు పరీక్షలు చేయండి. అరచెయ్యి ముందు ఆనించి, ఆ తర్వాతే పెన్ను పెట్టి రాయండి. చెయ్యి కింద ఒక్క చుక్క పడినా రోజూ అదే గొడవ. తర్వాత స్కేలు ఆనించి ఐమూలగా, చాలా నెమ్మదిగా గీత గీయండి. గీత అలలు తిరిగితే గ్రాఫులు, సర్క్యూట్లు అలాగే వస్తాయి. వేగంగా గీస్తే ఈ లోపం బయటపడదు, అందుకే నెమ్మదిగా అన్నది. మూడోది, ఒక ఇంటిగ్రల్ రాసి దాని హద్దులు చిన్న అక్షరాలతో పెట్టండి. సిరా మొన నుంచి పక్కకు జరిగి పడుతోందంటే గాజుకూ డిస్‌ప్లేకూ మధ్య ఖాళీ ఉందన్నమాట. తెర నునుపుగా జారుతుంటే కాగితంలా గరుకుగా ఉండే ప్రొటెక్టర్ వేసుకోవచ్చు. కాకపోతే దానివల్ల అక్షరాల స్పష్టత కాస్త తగ్గుతుంది, పెన్ను మొన త్వరగా అరుగుతుంది.

స్టోరేజ్ 128 జీబీకి తగ్గొద్దు. క్లాసులు రికార్డు చేసేవాళ్లకు లెక్క ఇది: 128 కేబీపీఎస్‌లో గంట ఆడియో 58 ఎంబీ. రోజుకు నాలుగు క్లాసులు, 90 రోజులంటే దాదాపు 21 జీబీ. ఐప్యాడ్లలో మెమరీ కార్డు స్లాట్ ఉండదు, తర్వాత పెంచుకుందాంలే అంటే కుదరదు. ర్యామ్ ఆండ్రాయిడ్‌లో 6 జీబీ అయినా ఉండాలి. తక్కువైతే పీడీఎఫ్ నుంచి నోట్సుకు వెళ్లి వచ్చేసరికి ఫైలు మళ్లీ మొదటినుంచి తెరుచుకుంటుంది.

సెమినార్లు ఇచ్చేవాళ్లు పోర్టు సంగతి తప్పక కనుక్కోవాలి. యూఎస్‌బీ-సీ ఉన్నంత మాత్రాన ప్రొజెక్టర్‌కు బొమ్మ వెళ్లదు. స్పెసిఫికేషన్లలో ‘డిస్‌ప్లేపోర్ట్’ అనో ‘వీడియో ఔట్‌పుట్’ అనో ఉందేమో వెతకండి. చవక మోడళ్లలో చాలావాటికి అది ఉండదు, మామూలు అడాప్టర్ ఎంత మంచిది కొన్నా లాభం లేదు. అసైన్‌మెంట్లు టైపు చేయాలంటే కీబోర్డు ఖర్చునూ బరువునూ ముందే కలుపుకోండి. కొన్ని కీబోర్డు కవర్లు ట్యాబ్ కన్నా బరువుంటాయి.

సెకండ్‌హ్యాండ్ అయితే, అమ్మేవాళ్ల ఖాతా మీ ఎదుటే తీసేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, మళ్లీ ఆన్ చేసి చూపించాకే డబ్బివ్వండి. పాత ఖాతా పాస్‌వర్డ్ అడిగిందంటే ఆ ట్యాబ్ మీకు పనికిరాదు. తర్వాత డ్రాయింగ్ యాప్ తెరిచి, తెర ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వరసగా గీతలు నింపండి. ఎక్కడైనా గీత తెగితే అక్కడ టచ్ చచ్చినట్టే.