కుంట గట్టు కోసుకుపోతోందా? గడ్డి నాటే ముందు మట్టిని చూడండి

సమస్య: లోపలి వాలు మీద చారలు పడి, వాన వానకూ లోతవుతున్నాయి.

గట్టు నెత్తిన ఒక బిందె నీళ్లు పోయండి. అవి కుంట వైపు పారితే ఏ గడ్డీ మిమ్మల్ని కాపాడలేదు. పైభాగాన్ని బయటికి వాలేలా పారతో సరిచేయండి. పొలం నీరంతా రాళ్లు పరిచిన ఒక్క దారినే కుంటలోకి దిగాలి. నేను చూసిన కుంటల్లో సగానికి ఇంతకు మించిన వైద్యం అవసరం కాలేదు. అయినా బిందె నీళ్లు పోసి చూసే రైతు కనిపించడు, గడ్డి విత్తనం కోసం మాత్రం ఊళ్లు తిరుగుతారు.

సమస్య: గడ్డి మొలవడం లేదు, మొలిచినా మాడిపోతోంది.

పొక్లెయిన్ తవ్వినప్పుడు సారమున్న పైమట్టి అడుగున పడి, లోపలి మట్టి గట్టు పైకి చేరుతుంది. జానెడు మందాన మంచి మట్టి పరిచి, తొలకరికి లోపలి వాలున గరిక కణుపులు నాటండి. బయటి వాలుకు, ఎర్రనేలైతే, స్టైలో హమాటా అనే పశుగ్రాసపు మొక్క చాలు. నీరు దిగే చోట వాలుకు అడ్డంగా వట్టివేరు పిలకలు 15 సెంటీమీటర్ల ఎడంతో వరుసగా పెట్టండి. అవి కుదురుకునే దాకా వానదెబ్బ కాయడానికి ఉలవలు చల్లండి.

సమస్య: గడ్డి పచ్చగానే ఉంది, గట్టు మాత్రం లోపల గుల్లవుతోంది.

నేను రెండుసార్లు మోసపోయింది ఇక్కడే. గట్టు మీద పిడికిలి పట్టే బొక్క కనిపిస్తే అందరూ ఎలుకను తిడతారు. ఎలుక బొరియ అయితే మూతి దగ్గర తవ్విపోసిన మట్టి ఉంటుంది. ఇక్కడ ఉండదు, ఎందుకంటే మట్టి నీళ్లలో కరిగి కింది నుంచి వెళ్లిపోయింది. ఇది చౌడు గుణమున్న అడుగుమట్టి చేసే పని. భూసార పరీక్షకు మట్టిని సాధారణంగా పై 15 సెంటీమీటర్లలోంచే తీస్తారు కాబట్టి పరీక్షలో అంతా బాగానే వస్తుంది. గట్టు మీదున్నది రెండు మూడు మీటర్ల లోతు మట్టి.

పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. గట్టు మట్టిలోంచి శనగగింజంత పెళ్ల తీసి, గాజు గ్లాసులో వాన నీళ్లు పోసి మెల్లగా జారవిడవండి. గంటసేపు కదపకండి. పెళ్ల విరిగి కుప్పగా కూర్చుని, పైన నీరు తేటగా ఉంటే భయం లేదు. పెళ్ల చుట్టూ పాలు కలిపినట్టు మబ్బు లేస్తే అదే దొంగ. బోరు నీళ్లు వాడకండి. ఆ నీటిలోని లవణాలు మట్టిని విడిపోనివ్వవు, తప్పు ఫలితం వస్తుంది. మొదటిసారి నేను చేసిన పొరపాటు అదే.

బొక్క మూతిని మాత్రమే పూడిస్తే పక్క నుంచి మరొకటి తెరుచుకుంటుంది. సొరంగం పొడవునా తవ్వి తీసి, జిప్సం కలిపిన తడిమట్టిని పొరలు పొరలుగా దిమ్మిస చేయండి. మిగతా గట్టు మీద కూడా జిప్సం చల్లి, పై జానెడు మట్టిలో కలిపి, తడిపి, ఆపైన మంచి మట్టి పరవండి. ఎంత జిప్సం కావాలో గట్టు మట్టినే పరీక్షకు పంపి తెలుసుకోండి. ఇలాంటి చోట గరిక, వట్టివేరు తట్టుకుంటాయి.

ఎండ్రకాయలు, చెట్ల వేర్లు కూడా కారణం కావచ్చు. పశువులు తొక్కుతుంటే ముళ్లకంప అడ్డం వేయండి. చౌడు గట్టు మీద చెట్ల కోసం గుంతలు మాత్రం తవ్వకండి, నీరు దిగేది ఆ గుంతల్లోంచే.