పశువుల కొట్టంలో పాత నీటి తొట్టి: కారే అతుకులు, కారణాలు, మరమ్మతు

ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి అర అంగుళం జీఐ (జింకు పూత ఇనుప) పైపు దిగుతుంది. గోడ మూలన ఎల్బో తిరిగి, సిమెంటు తొట్టిలో ఇత్తడి బాల్‌కాక్‌తో (నీరు నిండగానే తేలే బంతితో మూసుకునే కుళాయి) ఆగుతుంది. పాత కొట్టాల్లో ఎక్కువగా కనిపించే ఏర్పాటు ఇదే. పదిహేను ఇరవై ఏళ్లు దాటాక ఇందులో ఏ అతుకు కారినా చేయి ముందు పైపు రెంచి మీదికే పోతుంది. కాసేపు దాన్ని పక్కన పెట్టండి. పాత జీఐ అతుకును బిగిస్తే లీకు ఆగడం అరుదు, పైపు విరగడమే మామూలు. థ్రెడ్డు (మర) కోసిన చోట పైపు గోడ పలచబడుతుంది, జింకు పూతా పోతుంది. కాబట్టి తుప్పు ముందు పట్టేదీ అక్కడే, విరిగేదీ అక్కడే.

ట్యాంకు ఖాళీ అవుతోంది, లీకు కనబడటం లేదు

రాత్రి పశువులు తాగాక తొట్టి నింపి, గేట్ వాల్వు కట్టేసి, నీటిమట్టం దగ్గర సుద్దతో గీత పెట్టండి. పశువుల్ని తొట్టికి అందకుండా కట్టండి. తెల్లారేసరికి మట్టం ఒక వేలు మందం దిగితే తొట్టి పగులో, అడుగు బిరడానో కారణం. మట్టం కదల్లేదంటే తొట్టి మంచిదే. మరుసటి రాత్రి వాల్వు తెరిచి ఉంచి ఓవర్‌హెడ్ ట్యాంకు మట్టం చూడండి. తొట్టి పొర్లకుండా ట్యాంకు మాత్రం దిగితే లైన్లో లీకు ఉన్నట్టు. పైపు నేలలోంచి పైకి లేచే చోట ముందు తవ్వి చూడండి. పేడ, మూత్రం ఎప్పుడూ తడిగా ఉంచే ఆ జానెడు ముక్కే తొందరగా తుప్పు పడుతుంది.

ఎల్బో దగ్గర చుక్కలు

ముందు పైపును చేత్తో పట్టి ఊపండి. కదిలితే అసలు తప్పు అతుకుది కాదు, క్లాంపుది. గేదె మెడ రుద్దుకున్నప్పుడల్లా పైపు ఊగి, థ్రెడ్డులో టేపు నలిగిపోతుంది. క్లాంపు వేయకుండా అతుకు మార్చితే మళ్లీ కొన్నాళ్లకే చుక్కలు. ఎల్బోకు రెండు వైపులా అడుగులోపే చెరొక క్లాంపు పడాలి. వీలైతే పైపును తొట్టి బయటి వైపు నుంచి, పశువు ఒళ్లు తగలని చోటుకు మార్చండి.

అతుకు విప్పేటప్పుడు రెండు రెంచీలు కావాలి. ఒకటి ఎల్బోను కదలకుండా పట్టాలి, రెండోది పైపును తిప్పాలి. ఒక్క రెంచితో లాగితే ఆ బలమంతా గోడలోని అతుకు మీద పడి అదీ కారడం మొదలవుతుంది. రెండు చివర్లా బిగిసిన పైపు ముక్కను అసలు విప్పలేరు. ఒకవైపు వదులైతే రెండోవైపు బిగుస్తుంది. దగ్గర్లో యూనియన్ (నట్టు విప్పి రెండు పైపుల్ని విడదీయగలిగే అతుకు) లేకపోతే పైపును మధ్యలో కోసి, రెండు ముక్కలూ విప్పి, తిరిగి కట్టేటప్పుడు యూనియన్ పెట్టాల్సిందే.

పాత థ్రెడ్డును వైరు బ్రష్‌తో రుద్దండి. గట్లు పదునుగా కనిపిస్తే మళ్లీ వాడొచ్చు. పొడిలా రాలితే నిప్పిల్ (రెండు చివర్లా థ్రెడ్డు ఉన్న పొట్టి పైపు ముక్క) మార్చండి. కొత్తదానికి టెఫ్లాన్ టేపు థ్రెడ్డు చివర మీ వైపు ఉండేలా పట్టుకుని, గడియారం ముల్లు తిరిగే దిశలో చుట్టండి. బజారులో దొరికే పలచటి తెల్ల టేపైతే ఎనిమిది నుంచి పది చుట్లు పడతాయి. మొదటి గట్టు వదిలేయండి, లేకపోతే టేపు ముక్కలు వెళ్లి బాల్‌కాక్ రంధ్రంలో ఇరుక్కుంటాయి. చేతితో బిగిసినంత బిగించి, పైన రెంచితో ఒకటిన్నర, రెండు చుట్లు. రెండు మూడు గట్లు బయట కనబడాలి. ఎల్బో ముఖం సరైన దిక్కుకు రాలేదని వెనక్కి తిప్పితే అతుకు పోయినట్టే. విప్పి, టేపు మార్చి, మళ్లీ బిగించాలి.

కొందరు మేస్త్రీలు జనపనార దారానికి సఫేదా (తెల్ల రంగు ముద్ద) పూసి బిగిస్తారు. పాత రకం సఫేదాలోనూ, ఎర్ర సింధూరంలోనూ సీసం ఉంటుంది. పశువులకు సీసం విషం, అందులోనూ దూడలు తొందరగా దెబ్బతింటాయి. తాగే నీటి లైనుకు టేపు చాలు.

యూనియన్ కారుతోంది

నట్టు థ్రెడ్డుకు టేపు చుట్టేసి ఉంటే ఆ పని చేసినవారికి యూనియన్ ఎలా పనిచేస్తుందో తెలియదన్నమాట. నీటిని ఆపేది నట్టు కాదు, లోపల ఒకదానికొకటి ఆనే రెండు ముఖాలు. వాటిని తుడిచి, ఇసుక రేణువు లేకుండా చూసి, రెండు పైపులూ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడండి. వంకరగా ఉన్న పైపుల్ని నట్టుతో లాగి కలపబోతే ఎంత బిగించినా కారుతుంది.

నిప్పిల్ గోడలోని సాకెట్‌లోనే విరిగింది

గోడ పగలగొట్టక ముందు ఒకసారి ఇలా ప్రయత్నించండి. హాక్సా బ్లేడు ఒక చివర గుడ్డ చుట్టి పట్టుకుని, విరిగిన ముక్కను లోపలి నుంచి పావు అంగుళం ఎడంతో రెండు చోట్ల కోయండి. సాకెట్ థ్రెడ్డు తళుక్కున కనబడగానే ఆపేయాలి. సన్న ఉలితో ఆ మధ్య పట్టీని లోపలికి మడిస్తే ముక్క కుదించుకుపోయి కటింగ్ ప్లేయరుకు వస్తుంది. ఓపిక పట్టాల్సిన పని.

బాల్‌కాక్‌కు ఆనుకున్న నిప్పిలే ఎక్కువగా ఇలా విరుగుతుంది. ఇత్తడి, ఇనుము ఉప్పు నీటిలో కలిసి ఉంటే ఇనుమే కరిగిపోతుంది. ఆ నిప్పిల్‌ను అరిగిపోయే సామానుగా లెక్కగట్టి, ఒకటి అదనంగా కొని పెట్టుకోండి.

బాల్‌కాక్ ఆగడం లేదు, తొట్టి పొర్లుతోంది

బంతిని విప్పి చెవి దగ్గర ఊపండి. లోపల నీళ్ల చప్పుడు వస్తే బంతి మార్చాలి. చప్పుడు లేకపోతే పిస్టను తీసి వాషరు చూడండి. బోరు నీటి సున్నం గార కట్టి ఉంటే లీటరు నీటిలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి ఆ భాగాల్ని రెండు గంటలు నానబెట్టండి. బాత్రూం యాసిడ్ మాత్రం వద్దు, ఇత్తడిని తినేస్తుంది. వాషరు ఆనే ఇత్తడి అంచు మీద గోరుకు తగిలేంత గాట్లు ఉంటే కొత్త వాషరూ నిలబడదు, బాల్‌కాక్ మొత్తం మార్చాలి. దుకాణంలో ‘బాల్ వాల్వు’ అని అడిగితే చేతిపిడి ఉన్నది ఇస్తారు. బంతి ఉన్నది కావాలని చెప్పండి.

నీటిమట్టం అంచుకు రెండు మూడు అంగుళాల కింద ఆగేలా కాడను సర్దండి. బాల్‌కాక్ మూతి నీటిలో మునగకూడదు, మట్టానికి కనీసం అంగుళం పైన ఉండాలి. లేకపోతే లైను ఖాళీ అయినప్పుడు తొట్టిలోని ఎంగిలి నీరు వెనక్కి లాగబడుతుంది. అదే లైను ఇంటి కుళాయికీ పోతుంటే సంగతి మీకే అర్థమవుతుంది. బంతి మీద ఇనుప జాలీ లేదా ఇటుక గూడు తప్పనిసరి. దూడకు దాన్ని మించిన ఆటవస్తువు లేదు.

తొట్టి నిండటానికి గంట పడుతోంది

బాల్‌కాక్ విప్పి, ఖాళీ పైపు కింద పది లీటర్ల బకెట్ పెట్టి సమయం చూడండి. నిమిషంలోపే నిండితే పైపు బాగుంది, తప్పు బాల్‌కాక్ రంధ్రానిది. ట్యాంకు అడుగు తొట్టికి మూడు మీటర్ల ఎత్తులో ఉంటే వచ్చే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 0.3 కిలోలే. ఎక్కువ ఒత్తిడికి చేసిన సన్న రంధ్రం బాల్‌కాక్ అక్కడ పనికిరాదు, తక్కువ ఒత్తిడి రకం అడగండి. బకెట్ కూడా నెమ్మదిగా నిండి, ఎర్రటి నీళ్లు వస్తుంటే పైపు లోపల తుప్పు గడ్డకట్టినట్టు. దాన్ని శుభ్రం చేయాలనుకోకండి. ముప్పావు అంగుళం కొత్త లైను వేయండి. పాలిచ్చే గేదె వేసవిలో రోజుకు 70, 80 లీటర్లు సులువుగా తాగుతుంది, పైగా పాలు పితికాక అన్నీ ఒక్కసారే వస్తాయి.

జీఐకి ప్లాస్టిక్ కలిపేటప్పుడు

జీఐ మగ థ్రెడ్డు మీద ఉత్త ప్లాస్టిక్ ఆడ థ్రెడ్డు ఎక్కించకండి. కోసుగా ఉండే ఇనుప థ్రెడ్డు మేకులా దిగి, నాలుగు రోజులకు ప్లాస్టిక్ చీలుతుంది. ఇత్తడి లోపలిభాగం ఉన్న ఫిట్టింగు తీసుకోండి, లేదా జీఐ సాకెట్‌లోకి ప్లాస్టిక్ మగ థ్రెడ్డు పెట్టండి. అర అంగుళం తెల్ల యూపీవీసీ పైపు బయటి వ్యాసం 21.3 మి.మీ., వ్యవసాయానికి వాడే బూడిదరంగు పైపు 20 మి.మీ. ఒకదాని ఫిట్టింగు రెండోదానికి గమ్ము ఎంత పూసినా నిలబడదు.

పైపు తొట్టి గోడలో దూరే చోట చెమ్మ ఊరుతుంటే, నున్నటి ప్లాస్టిక్‌ను సిమెంటు పట్టలేదని అర్థం. ఆ ముక్కకు ముందుగా సాల్వెంట్ సిమెంటు పూసి, పొడి ఇసుక చల్లి, ఆరనిచ్చి అప్పుడు పూడ్చండి. ఎండ తగిలే ప్లాస్టిక్‌ను పెద్ద జీఐ ముక్కలో దూర్చండి.

గమ్ముతో అతికించిన లైనును ఒక రాత్రి ఆరనివ్వండి. మొదటి తొట్టెడు నీళ్లు పారబోయండి. ఆ వాసన ఉన్న నీటిని గేదె మూతి పెట్టి చూసి వదిలేస్తుంది, మీరేమో తొట్టిలో ఇంకేదో చెడిందనుకుంటారు.