కూల్‌డ్రింక్ సీసాతో వానను మిల్లీమీటర్లలో కొలవడం

"రాత్రి 30 మి.మీ. వాన పడింది" అంటే, పడ్డ నీరు పారకుండా, ఇంకకుండా, ఆవిరవకుండా ఉన్నచోటే నిలిస్తే 30 మి.మీ. లోతు ఉండేదని. కొలిచేది లోతు కాబట్టి పాత్ర పెద్దదా చిన్నదా అన్నది లెక్కలోకి రాదు. గోడలు నిట్టనిలువుగా ఉంటే గంగాళంలోనూ గ్లాసులోనూ ఒకే మట్టానికి నీళ్లు చేరతాయి. చిక్కంతా మూతి ఒక వెడల్పు, అడుగు ఇంకో వెడల్పు ఉన్నప్పుడే. పెరట్లో పెట్టిన బక్కెట్టులో స్కేలు ముంచి చూస్తే అందుకే ఎక్కువ చూపిస్తుంది: పైన వెడల్పుగా పట్టిన నీరు కింద సన్నటి చోట చేరుతుంది.

నడుము నొక్కుకుపోని రెండు లీటర్ల సీసా ఒకటి తీసుకోండి. మెడ కింద వాలు మొదలయ్యే చోట చుట్టూ కోయండి. పై ముక్క మూత తీసేసి, తలకిందులుగా గరాటులా లోపల దించి, రెండు అంచులూ ఒకే మట్టానికి తెచ్చి టేపు వేయండి. నీళ్లు పారబోయాలంటే గరాటు ఊడి రావాలి, కాబట్టి టేపు రెండు మూడు చోట్ల చాలు. గరాటు లేకపోతే ఎండకు నీరు ఆవిరవుతుంది, చినుకులు చింది బయట పడతాయి.

సీసా అడుగున ఐదు బుడిపెలుంటాయి. అవి మునిగేదాకా పల్చటి సిమెంటు పోసి, సీసాను కదపకుండా ఆరనివ్వండి. సిమెంటు నీరు పీలుస్తుంది, కాబట్టి పైన ఒక పూత పెయింటు వేయాలి. గులకరాళ్లు వేసి సున్నా గీత దాకా నీళ్లు పోయడం సులువే గానీ, ఎండాకాలంలో ఆ సున్నా రోజూ కిందికి దిగిపోతుంది.

ఇప్పుడు గీతలు. చాలామంది స్కేలు ముక్క అంటించేస్తారు. సీసా గోడ ఎక్కడా ఖచ్చితంగా నిలువుగా ఉండదు కాబట్టి అది తప్పుతుంది. కోసిన వెడల్పు మూతి చుట్టూ దారం చుట్టి కొలవండి. 33 సెం.మీ. వచ్చిందనుకుందాం. దాన్ని 3.14తో భాగిస్తే వ్యాసం 10.5, వ్యాసార్ధం 5.25, వైశాల్యం సుమారు 86.5 చదరపు సెం.మీ. అంటే ఈ మూతికి 10 మి.మీ. వాన అంటే 86.5 మి.లీ. నీరు. మందుల షాపులో దొరికే 10 మి.లీ. సిరంజితో ఎనిమిది సార్లు నిండుగా, తొమ్మిదోసారి 6.5 పోసి, నీటి మట్టం దగ్గర మార్కరుతో గీత పెట్టండి. మళ్లీ అంతే పోస్తే 20. గీతల మధ్య ఎడం అక్కడక్కడా తేడాగా వస్తే సీసాది తప్పు, గీతది కాదు. గోడ పక్కన నీరు కాస్త పైకి ఎగబాకి ఉంటుంది. కంటిని మట్టానికి దించి, మధ్యలో ఉన్న అడుగు అంచునే చదవాలి.

చిన్న వానలకు గీతలు పనికిరావు. నీటిని సిరంజిలోకి లాగి, మి.లీ.లను 8.65తో భాగించండి. 21.6 మి.లీ. వస్తే 2.5 మి.మీ.; వాతావరణ శాఖ దాన్ని 'వాన పడిన రోజు'గా లెక్కించేది అక్కడి నుంచే. ఒక రోజులో 64.5 మి.మీ. నుంచి భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ.

ఎక్కడ పెట్టామన్నది సగం పని. మూడు మీటర్ల గోడ ఉంటే కనీసం ఆరు మీటర్ల దూరం. డాబా మీద పిట్టగోడ పక్కన గాలి సుడి తిరిగి చినుకులను ఎత్తుకుపోతుంది, అక్కడ వద్దు. చెట్టు కింద అసలే వద్దు: ముందు ఆకులు ఆపేస్తాయి, వాన వెలిశాక కూడా కారుతూనే ఉంటాయి. ఇసుక నింపిన బక్కెట్టులో పాతి, మూతి నేలకు 30 సెం.మీ. ఎత్తున ఉండేలా, మేస్త్రీ లెవెల్‌తో సరిచూసి నిలబెట్టండి. బక్కెట్టు అంచు కన్నా మూతి బాగా పైకి ఉండాలి, లేకపోతే ఇసుక చింది లోపల పడుతుంది.

రోజూ ఉదయం 8:30కి చదివి, ఆ తేదీ కింద రాసి పారబోయండి. దేశమంతటా లెక్క ఆ వేళకే. అయినా టీవీలో మీ మండలానికి చెప్పిన అంకెతో మీది కలవకపోవచ్చు. ఉరుములతో కురిసే క్యుములోనింబస్ మబ్బు ఊరికి ఈ చివర కురిసి ఆ చివర కురవదు.

కొలిచిన అంకెతో చేసే పనీ ఉంది. 120 గజాల డాబా మీద 10 మి.మీ. పడితే వెయ్యి లీటర్లు. ఇంకుడు గుంత ఎంత తవ్వాలో దీన్నిబట్టే తేల్చుకోవచ్చు. తుపాను రోజున మాత్రం సీసా పొర్లిపోవచ్చు. పై గీత దగ్గరికి వస్తుండగానే చదివి, టైము రాసుకుని, ఖాళీ చేసి పెట్టండి; మర్నాడు 8:30కి అన్నీ కూడాలి.