జూలై 1కి ముందు: సేవా క్లబ్బులో చేరేవారికి జాగ్రత్తలు

లయన్స్, రోటరీ క్లబ్బుల సేవా సంవత్సరం జూలై 1న మొదలవుతుంది కనుక, ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల్లో వాటిలో చేరదలచిన మన తెలుగువారు ముందుగా ఇవి చూసుకోవాలి.

ఎవరి సొంత ఫోన్ నంబరుకూ డబ్బు పంపకండి. సభ్యత్వం స్థానిక క్లబ్బు ద్వారానే వస్తుంది. కాబట్టి ముందు ఒక సమావేశానికి వెళ్లి, నలుగురినీ కలిసి, చందాను క్లబ్బు ఖాతాకే కట్టి, కోశాధికారి సంతకమున్న రసీదు తీసుకోండి. పోయిన సొమ్మును రాబట్టుకోవడం చాలా కష్టం.

ఏడాది మొత్తం ఖర్చు ఎంతో అడగండి. ప్రవేశ రుసుముతో అయిపోదు, అంతర్జాతీయ, జిల్లా, క్లబ్బు చందాలు ఏటా ఉంటాయి. లయన్స్‌లో ఒకే ఇంటినుంచి చేరితే మొదటివారి తరువాతివారికి అంతర్జాతీయ చందా సగమే.

విరాళాలకు ఆదాయపు పన్నులో ఇచ్చే మినహాయింపు సభ్యత్వ చందాకు రాదు. అది విరాళం కాదు.

చేరకముందే ఒక సేవా కార్యక్రమంలో పాల్గొనండి. 1925లో చూపు, వినికిడి లేని అమెరికన్ రచయిత్రి హెలెన్ కెల్లర్ పిలుపునిచ్చిన నాటినుంచి లయన్స్‌కు కంటిచూపు సేవ ముఖ్యమైనది. కంటి శిబిరంలో ఒడియా, సవర భాషలు మాత్రమే తెలిసిన వృద్ధుల పేర్లు ఓపికగా రాసుకుని, చుక్కల మందు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో వారి భాషలోనే చెప్పేవారున్న క్లబ్బే చేరదగినదని నా గట్టి నమ్మకం.

పార్టీ రాజకీయాల చర్చ సాగే చోట చేరకండి. లయన్స్ ఆశయాలే దాన్ని అనుమతించవు.