తాటాకు టోపీ: ఆకు కోత నుంచి అంచు కుట్టు దాకా

తాటాకు టోపీ కుట్టడం కష్టమంటే నేను ఒప్పుకోను. కష్టమంతా కుట్టుకు ముందే ఉంది, ఆకులోనూ అల్లికలోనూ. బడిలో క్రాఫ్ట్ టీచరుగా ఉన్నన్నాళ్లూ పిల్లలు వస్తూనే సూది అడిగేవారు, నేను కత్తి చేతికిచ్చేదాన్ని. మా మేనత్త దగ్గర నేను నేర్చుకున్న వరుస కూడా అదే.

పచ్చగా విచ్చుకున్న ఆకు ఇంటికప్పుకూ పందిరికీ బాగుంటుంది కానీ టోపీకి పనికిరాదు. ఆరాక బిరుసెక్కి మడత దగ్గర చిట్లుతుంది. మనకు కావలసింది మొవ్వాకు. చెట్టు నడినెత్తిన ఇంకా విచ్చుకోకుండా, లేత పసుపు రంగులో నిటారుగా నిలబడి ఉంటుంది. దాన్ని కోయడం గీత కార్మికుడి పని, మీరు చెట్టెక్కే సాహసం చేయకండి. ఒక చెట్టుకు ఒక్క ఆకే తీయమనండి. తాటిచెట్టుకు పెరిగే మొగ్గ ఒక్కటే, అది దెబ్బతింటే చెట్టే పోతుంది. మళ్లీ కొత్త ఆకులు విచ్చుకునేదాకా ఆ చెట్టు జోలికి పోకూడదు. ఈ పని ఎండాకాలంలో పెట్టుకుంటే మేలు, వానల్లో ఆకు ఆరేలోపే బూజు పడుతుంది.

ఆకును రేకులుగా విడదీసి ప్రతి రేకుకూ నడుమ ఉన్న ఈనెను కత్తితో తీసేయండి. వెడల్పాటి గిన్నెలో నీళ్లు మరిగించి, గుప్పెడు ఉప్పు, చెంచాడు పసుపు వేసి పది నిమిషాలు ఉడకనివ్వండి. పసుపు పురుగును దూరంగా ఉంచుతుంది. తాళపత్ర గ్రంథాలకు ఆకు సిద్ధం చేసేవాళ్లు కూడా పసుపు వాడేవారు. తరువాత నీడన ఆరబెట్టాలి. త్వరగా ఆరుతుందని ఎండలో వేస్తే రేకు మెలితిరిగిపోతుంది.

ఆరిన రేకును అయిదు మిల్లీమీటర్ల పట్టీలుగా చీల్చాలి. చిన్న చెక్కముక్కకు రెండు బ్లేడు ముక్కలను అంత ఎడంతో బిగించి, రేకును దాని మీదుగా లాగితే అన్నీ ఒకే కొలతలో వస్తాయి. ఈ కొలత తప్పితే పట్టీలతో అల్లే జడ వంకర్లు పోతుంది, ఆ వంకర టోపీ అంచులో కనబడుతుంది.

ఇక జడ. ఆడపిల్లలున్న ఇంట్లో అయిదుపాయల జడ తెలియనివారుండరు, ఇదీ అదే లెక్క. పట్టీలను తడిగుడ్డలో చుట్టి ఉంచుకోండి. తడి ఉన్న ఆకు చేతిలో చప్పుడు చేయదు, చిటపటమన్నదంటే ఆరిపోయినట్టే, మళ్లీ తడపండి. అయిదు పట్టీల కొసలు కట్టి, ఎడమ చివరి పట్టీని పక్కదాని మీదుగా, ఆ తరువాతి దాని కిందుగా నడుమకు తీసుకురండి. తరువాత కుడి చివరి పట్టీని కూడా అలాగే, ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా. అంచు దగ్గర పట్టీని వంచితే చాలదు, బొటనవేలి గోటితో నొక్కి మడత వేయాలి. అంచు సూటిగా వచ్చేది ఆ మడతతోనే. పట్టీ అయిపోవస్తే కొత్తదాన్ని దాని మీద రెండంగుళాలు కలిపి అల్లండి. రెండు అతుకులు ఒకేచోట పడకూడదు. కొసలన్నీ ఒకే వైపు వదిలితే చివర్లో కత్తిరించుకోవచ్చు.

పెద్దవాళ్ల తలకు, నాలుగు వేళ్ల వెడల్పు అంచుతో, దాదాపు 12 మీటర్ల జడ పడుతుంది. మూరల్లో అయితే ఇరవై ఏడు. ఎక్కువమంది విసిగిపోయి వదిలేసేది ఇక్కడే. రోజుకు రెండేసి మూరలు అల్లి చుట్టగా పెట్టుకోండి, తొందరేమీ లేదు.

కుట్టు నెత్తి నడుమ నుంచి మొదలవుతుంది. జడ కొసను తడిపి బిగువుగా చుట్టి, గట్టి నూలుదారంతో కుట్టండి. గమ్ముతోనూ స్టేప్లరుతోనూ చేసినదాన్ని నేను టోపీ అనను. ప్రతి కొత్త చుట్టు పాత చుట్టు అంచు కిందికి కొంచెం జరిగి ఉండాలి. ఇంటి పెంకుల్లాగే, పైది కిందిదాన్ని కప్పితేనే వాననీరు బయటికి జారుతుంది. పళ్లెంలా వచ్చిన ఈ చుట్ట అడ్డంగా 16 సెంటీమీటర్లకు చేరాక జడను బిగించి లాగుతూ కుడితే గోడ కిందికి దిగుతుంది. తల చుట్టుకొలతకు సరిపడే కుండను బోర్లించి మధ్యమధ్య దాని మీద పెట్టి చూసుకోండి. గోడ 10 సెంటీమీటర్లు దిగాక అంచుకు జడను వదులు చేయాలి. వదులు చాలకపోతే అంచు వాలిపోతుంది, ఎక్కువైతే అలలు తేలుతుంది. ఇది చెబితే వచ్చేది కాదు, రెండు చుట్లు విప్పి మళ్లీ కుడితే వేళ్లకే తెలుస్తుంది. చివర తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేయండి. లోపల పాత నూలు చీర పట్టీ వేస్తే చెమట ఆకుకు పట్టదు.

వాడని రోజుల్లో గాలి తగిలేచోట తగిలించండి. ప్లాస్టిక్ సంచిలో కట్టిపెడితే బూజు ఖాయం.

ఈక్వెడార్‌లో టొకియా అనే మొక్క పీచుతో అల్లే టోపీలను లోకం పనామా టోపీలంటుంది. ఆ అల్లికను యునెస్కో 2012లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. మన ఊళ్లలో బుట్టలల్లే ముసలమ్మ చేతులను కనీసం ఫోనులోనైనా చిత్రీకరించండి. ఎదురుగా కూర్చుని తీయకండి, చూసేవారికి కుడిఎడమలు తారుమారవుతాయి. ఆమె భుజం వెనుక నుంచి తీయండి. ఆ పూట కూలి ఇవ్వడం మరవకండి.

ఆకే లేకపోతే ఈ పనే లేదు. ఇటుక బట్టీల కోసం తాటిచెట్లు నరికేస్తున్నారు, కొత్తవి నాటేవారు తక్కువ. శ్రావణ భాద్రపదాల్లో పండు రాలుతుంది. తేగల కోసం పాతర వేసేవారిని అడిగితే నాలుగు టెంకలు ఇస్తారు. చెరువుగట్టున, చెట్టు ఎక్కడ ఉండాలనుకుంటే అక్కడే పాతండి. మొలక ముందు భూమిలోకి లోతుగా దిగుతుంది కాబట్టి, తరువాత పెకలించి మరోచోట నాటితే బతకడం కష్టం.